బండి ఎంత లాగగలదో తెలుసుకోవడానికి నాకు పట్టిన పది వారాలు

జనవరి 18న, బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు లాంటి ఒక క్యాంపర్ ట్రైలర్‌కి అడ్వాన్స్ ఇచ్చాం. మార్చి 29న దాన్ని కాదు, ఇంకోదాన్ని తగిలించుకుని మొదటి ప్రయాణానికి బయల్దేరాం. మధ్యలో సరిగ్గా పది వారాలు. ఆ రోజుల్లో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. మొదటి రోజే ఎవరైనా నాతో "ముందు డ్రైవర్ డోర్ తెరిచి ఆ స్టిక్కర్ చదువు" అని ఉంటే నాకు సగం అడ్వాన్సూ, బోలెడంత నిద్రా మిగిలేవి.

మాది ఏడు సీట్ల ఎస్‌యూవీ. కొన్నప్పుడు ఇచ్చిన బ్రోషర్‌లో టోయింగ్ కెపాసిటీ, అంటే వెనక తగిలించి లాగగలిగే బరువు, 5,000 పౌండ్లు అని ఉంది, అంటే 2,268 కిలోలు. మేం చూసిన క్యాంపర్ ఖాళీగా 1,500 కిలోలు. సామాను, నీళ్ళు, గ్యాస్ అన్నీ నింపితే 1,900 దాకా వస్తుందన్నారు. ఇంకా మూడు వందల పైచిలుకు మిగులుతోంది కదా అనుకున్నాను. అమ్మేవాళ్ళు బండి మోడల్ అడిగి "హాయిగా లాగుతుందండీ" అన్నారు. పిల్లలిద్దరూ అప్పటికే పై బెర్త్ ఎవరిదో తేల్చుకుంటున్నారు. సాయంత్రానికి డబ్బు కట్టేశాను.

ట్రైలర్ తగిలించడానికి బండి వెనక బిగించే ఇనుప చట్రం, అదే హిచ్, దాని సంగతి రెండు రోజుల తర్వాత మొదలుపెట్టాను. మా బండికి వెనక హిచ్ లేదు, కొత్తగా బిగించాలి. హిచ్‌లకి క్లాసులుంటాయి. క్లాస్ 1 అంటే 2,000 పౌండ్ల వరకు, క్లాస్ 2 అంటే 3,500 వరకు. ఈ రెండిటికీ సాధారణంగా రిసీవర్ గొట్టం, అంటే హిచ్‌లో మిగతా భాగాలు దూర్చే గొట్టం, అంగుళంపావు ఉంటుంది. క్లాస్ 3కి గొట్టం రెండు అంగుళాలు, బరువు 8,000 పౌండ్ల దాకా. నేను ఫోన్ చేసిన మొదటి వర్క్‌షాప్ అతను "క్లాస్ 3 వేయించుకోండి సార్, 8,000 లాగొచ్చు, ఇక దేనికీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఆ మాట నమ్మి ఆర్డర్ పెట్టబోయాను కూడా. బోల్టుల కొలతలేమైనా రాసి ఉంటాయేమో అని ఆ రాత్రి గ్లవ్ బాక్స్‌లోంచి మాన్యువల్ తీశాను. అదే నన్ను కాపాడింది.

టోయింగ్ గురించి అందులో రెండు పేజీలుంది. 5,000 పౌండ్లు అన్న అంకె పక్కన చిన్న చుక్క. కింద చూస్తే, ఆ అంకె కంపెనీ నుంచే టో ప్యాకేజీతో వచ్చిన బండ్లకి మాత్రమే. అంటే గేర్‌బాక్స్ ఆయిల్‌కి అదనపు కూలర్ ఉన్నవాటికి. అది లేని బండికి 3,500 పౌండ్లు, అంటే 1,588 కిలోలు. టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముక్కు మా బండి హిచ్ మీద మోపే బరువు, 350 పౌండ్లు దాటకూడదు. అది 159 కిలోలు. టార్చ్ పట్టుకుని బయటికి వెళ్ళి బానెట్ ఎత్తి చూశాను. మా బండికి ఆ కూలర్ లేదు.

ఒళ్ళు చల్లబడింది. ఇక అక్కడితో ఆగకుండా డ్రైవర్ డోర్ తెరిచాను. డోర్ మూసినప్పుడు కప్పబడే స్తంభం మీద టైర్ల గాలి వివరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది. అన్నేళ్ళుగా రోజూ దాని పక్కనుంచే ఎక్కి దిగుతున్నాను. మనుషులూ సామానూ కలిపి 526 కిలోలు మించకూడదని అందులో రాసి ఉంది. హిచ్ మీద పడే టంగ్ వెయిట్ కూడా ఈ 526లోకే వస్తుందని నాకు ఆ రాత్రే తెలిసింది. లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ చక్రాల మీద ఉన్న బరువుని బండి లాగుతుంది. ముక్కు మీద ఉన్న బరువుని మోస్తుంది. బ్రోషర్‌లో లాగడం గురించే ఉంది, మోయడం గురించి లేదు.

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కాగితం మీద వేశాను. నేను 78, నా భార్య 64, అబ్బాయి 58, పాప 31, నాన్న 70. మొత్తం 301. డిక్కీలో సామాను 45. హిచ్, దానిలో దూర్చే బాల్ మౌంట్ (ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండుని, అంటే బాల్‌ని, బిగించే కడ్డీ) కలిపి 26. క్యాంపర్ నిండా 1,900 అయితే టంగ్ వెయిట్ పది నుంచి పదిహేను శాతం ఉండాలి కాబట్టి మధ్యలో ఒక 238 అనుకున్నాను. అన్నీ కూడితే 610. మోయగలిగింది 526. ఎనభై నాలుగు కిలోలు ఎక్కువ. టో ప్యాకేజీ ఉన్న బండి అయినా ఈ లెక్క ఇలాగే తప్పేది. కంపెనీలు టోయింగ్ కెపాసిటీ ప్రకటించడానికి వాడే ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణంలో బండిలో ఇద్దరే ఉన్నట్టు లెక్క వేస్తారు, ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. మేం అయిదుగురం.

తెల్లారాక నా భార్యకి కాగితం చూపించాను. ఆమె మొత్తం చదివి "ఏవండీ, అడ్వాన్స్ పోతే పోనివ్వండి, నాన్నగారినీ పిల్లల్నీ ఎక్కించుకుని దీన్ని లాగొద్దు" అంది. జనవరి 23న వద్దని చెప్పాం. సగం డబ్బు తిరిగిచ్చారు, దానికే మూడు వారాలు పట్టింది. నిజం చెప్పాలంటే ఆ డబ్బు కంటే, పాప రెండు రోజులు సరిగ్గా మాట్లాడకపోవడం ఎక్కువ బాధనిపించింది.

ఆ తర్వాత వెతుకులాట తలకిందులైంది. ముందు ట్రైలర్ చూసి తర్వాత బండి అనుకోవడం మానేసి, ముందు బండి ఏమివ్వగలదో చూసుకుని దానికి తగ్గ ట్రైలర్ వెతికాం. టంగ్ వెయిట్ 159 దాటకూడదు, డోర్ స్టిక్కర్ దాటకూడదు. ఫిబ్రవరి 8న ఒక సెకండ్‌హ్యాండ్ క్యాంపర్ దొరికింది. ఖాళీగా 1,010 కిలోలు, నింపితే గరిష్ఠంగా 1,360. ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి. పై బెర్త్ కూడా ఉంది, కాకపోతే చిన్నది.

హిచ్ మాత్రం క్లాస్ 3నే తీసుకున్నాను. క్లాస్ 2 పరిమితులు సరిగ్గా మా బండి పరిమితులే, 3,500, 350. బొటాబొటీగా కాకుండా ఇనుము కాస్త దిట్టంగా ఉంటే మంచిదనిపించింది. రెండు అంగుళాల గొట్టానికి బాల్ మౌంట్లు కూడా ఎక్కువ రకాలు దొరుకుతాయి. హిచ్ మీద అతికించిన లేబుల్ దగ్గర నిలబడి చదివితే రెండు వరసలున్నాయి. బరువు నేరుగా మోసినప్పుడు ఒక అంకె, హిచ్ మీది బరువుని ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ కడ్డీలు వాడినప్పుడు ఇంకో పెద్ద అంకె. కింద ఇంకో వాక్యం, బండి పరిమితి ఇంతకంటే తక్కువైతే అదే పాటించాలని. హిచ్, బాల్ మౌంట్, బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు కొన అంటే కప్లర్, బండి, టైర్లు, వీటిలో ఏది అన్నిటికంటే తక్కువదో అదే మన పరిమితి. ఫోన్‌లో 8,000 అన్నతను ఈ వాక్యం చదవలేదో, చదివీ చెప్పలేదో తెలియదు.

ఫిబ్రవరి 11న ఆర్డర్ ఇస్తే పదకొండు రోజులకి వచ్చింది. అట్టపెట్టె అడుగున ఒక మూల చిరిగి ఉంది. బోల్టుల ప్యాకెట్ ఆ చిరుగులోంచి దారిలో ఎక్కడో జారిపోయింది. మామూలు దుకాణంలో బోల్టులు కొని బిగించేద్దామా అనిపించింది కానీ, వాటికి తగిన గ్రేడ్ ఉంటుంది, ఇష్టం వచ్చినవి వేయకూడదు. ఇంకో ఆరు రోజులు ఆగాం. పార్శిల్ రాగానే సంతకం పెట్టేముందు బోల్టులు లెక్కపెట్టుకోండి.

మార్చి 1న బిగించారు. ఇది మొదటి వర్క్‌షాప్ కాదు, వేరేది. అక్కడి పెద్ద మెకానిక్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న "బండిలో ఎంతమంది ఎక్కుతారు?" అన్నది. ఆ ఒక్క ప్రశ్నతో నాకు ఆయన మీద గురి కుదిరింది. రెండు గంటల పని అన్నారు, అయిదు గంటలైంది. స్టెప్నీ దించారు, సైలెన్సర్ పైపుని పట్టుకునే రబ్బర్లకి సబ్బునీళ్ళు కొట్టి ఊడదీసి పైపు కిందికి వేలాడదీశారు. ఛాసిస్‌లో ముందే వెల్డ్ చేసిన నట్లుంటాయి, హిచ్ వాటిలోకే బిగుస్తుంది. మా బండికి ఆ నట్ల నిండా తుప్పు. నూనె పోసి, సన్నటి వైరు బ్రష్‌తో గంటన్నర సేపు శుభ్రం చేస్తే గానీ బోల్టు చేత్తో తిరగలేదు. ఒక చోట నట్ లేదు. స్ప్రింగులాంటి తీగ కొసకి బోల్టు తగిలించి, ఛాసిస్ పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి లోపలికి పంపి, కావాల్సిన చిన్న రంధ్రంలోంచి కొన బయటికి లాగారు. సూదిలో దారం ఎక్కించినట్టే. చివరికి, కావాల్సినంత బిగువు రాగానే చప్పుడు చేసే టార్క్ రెంచ్‌తో "టక్" మనే వరకు ఒక్కో బోల్టూ బిగించారు. నాతో ఒకటి తిప్పించారు కూడా, ఆ టక్ అనేది ఎలా ఉంటుందో తెలియాలని.

బాల్ సైజు దగ్గర ఒక ప్రమాదం తప్పింది. మేం కొన్న క్యాంపర్‌తో పాటు పాత యజమాని ఒక బాల్ ఇచ్చాడు. దాన్ని కప్లర్ కింద పెట్టి గడియ వేస్తే పడింది. సరిపోయిందనుకున్నాను. మెకానిక్ దాన్ని చేతిలోకి తీసుకుని పైన గుడ్డతో తుడిచి, అచ్చుపడిన అంకె చూపించారు. 1 7/8 అంగుళాలు. కప్లర్ మీద 2 అంగుళాలు అని ఉంది. తేడా మూడు మిల్లీమీటర్లే, గడియా పడుతుంది, కానీ గతుకులో కప్లర్ ఎగిరి బయటికొచ్చేస్తుందట. ఆ బాల్‌ని అక్కడే పారేసి కొత్తది కొన్నాం.

బాల్ మౌంట్ ఎంత కిందికి వంగి ఉండాలో మాత్రం నేనే తప్పు కొలిచాను. వాలుగా ఉన్న చోట కొలిచి నాలుగు అంగుళాలది కొన్నాను. ట్రైలర్ ముక్కు కిందికి దిగిపోయింది. మళ్ళీ చదునైన నేల మీద, ట్రైలర్‌ని మట్టంగా నిలబెట్టి, రిసీవర్ గొట్టం లోపలి పై అంచు ఎత్తు 48 సెంటీమీటర్లు, కప్లర్ ఎత్తు 43 అని కొలిస్తే కావాల్సింది రెండు అంగుళాలదే. మార్చుకోవడానికి రెండు రోజులు.

ఖర్చు విషయంలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది వైరింగ్. అందరూ నాలుగు పిన్నుల కనెక్టర్ చాలంటారు. అది లైట్లకి మాత్రమే. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే ఏడు పిన్నులది కావాలి, బండిలో స్టీరింగ్ కింద బ్రేక్ కంట్రోలర్ కావాలి. కంట్రోలర్ కూడా మనం ఎంత గట్టిగా బ్రేక్ వేస్తే అంత గట్టిగా ట్రైలర్ బ్రేక్ వేసే రకమే తీసుకున్నాం. అన్నీ లెక్క వేస్తే హిచ్ ఇనుము ఖరీదు మొత్తం ఖర్చులో మూడో వంతు కూడా లేదు. మిగతాదంతా వైర్లు, కంట్రోలర్, కూలీ.

మార్చి 8న వైరింగ్ అయింది. ఇంటికొచ్చి చీకటి పడ్డాక పరీక్షించాం. లైట్లు వేస్తే ట్రైలర్ వెనక మినుకు మినుకుమంటున్నాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా ఎర్రదీపాలు దానితో పాటు కొట్టుకుంటున్నాయి. గంటసేపు ఫ్యూజులన్నీ తీసి చూశాను. చివరికి చూస్తే ట్రైలర్ ఫ్రేముకి స్క్రూతో బిగించిన తెల్ల వైరు, అంటే ఎర్త్ వైరు, పెయింట్ మీద కూర్చుని ఉంది. ఇనుము తగల్లేదు. అబ్బాయి టార్చ్ పట్టుకున్నాడు, నేను గరుకు కాగితంతో రూపాయి బిళ్ళంత మేర పెయింట్ గీకాను. ఇనుము మెరిసే దాకా గీకి స్క్రూ బిగించగానే దీపాలన్నీ ఒక్కసారిగా నిండుగా వెలిగాయి. వెనకాల నిలబడి చూస్తున్న పాప చప్పట్లు కొట్టింది. అడ్వాన్స్ పోయినప్పటి నుంచి దాని ముఖంలో అంత సంతోషం చూడలేదు.

మార్చి 15 నాకు జీవితాంతం గుర్తుంటుంది. ట్రయల్ కోసం నేనూ నాన్నా మాత్రమే బయల్దేరాం. ట్రైలర్‌లో ప్రయాణానికి కావాల్సినవన్నీ సర్దేసి ఉన్నాయి. ముందు ఖాళీ మైదానంలో నలభై కిలోమీటర్ల వేగంలో బ్రేక్ కంట్రోలర్ సెట్ చేసుకున్నాను. ట్రైలర్ చక్రాలు జారే దాకా పెంచి, అక్కణ్ణుంచి కొంచెం తగ్గించాలి. ఆ తర్వాత హైవే ఎక్కాం. ఎనభై దాకా బాగానే ఉంది. ఎనభై అయిదులో ఉండగా ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటింది. గాలి తోసింది. అద్దంలో చూస్తే ట్రైలర్ కుడికి వెళ్ళింది, ఎడమకి వచ్చింది, మళ్ళీ కుడికి. ప్రతిసారీ ఊపు పెరుగుతోంది. సీటు కింద బండి వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టుంది. బ్రేక్ మీదికి కాలు వెళ్ళబోయింది. బండి బ్రేక్ తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలెయ్యి, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, కంట్రోలర్ మీదున్న మీట చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేక్ ఒక్కటే వెయ్యి అని మెకానిక్ నాతో రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు. అదే చేశాను. నాలుగైదు సెకన్లలో ట్రైలర్ తిన్నగా వచ్చింది. పక్కకి ఆపాక నా చేతులు స్టీరింగ్ వదల్లేదు.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. దిగి ట్రైలర్ చుట్టూ తిరిగి వచ్చి, "వెనక బరువెక్కువైందిరా. కాడి తేలిపోతోంది" అన్నారు. ఆయన చిన్నతనంలో ఎద్దుల బండి తోలిన మనిషి. బస్తాలు వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడకి కట్టిన పట్టెడలు బిగుసుకుంటాయి, మరీ ముందుకి వేస్తే మెడలు కాయలు కాస్తాయి, కాడి ఎద్దు మెడ మీద కాస్త బరువుగా ఆనాలి, అంతే అన్నారు. నెల రోజులుగా నేను శాతాల్లో చదువుతున్నదాన్ని ఆయన చేత్తో చూపించారు.

నలభై దాటకుండా ఇంటికి చేరాం. మర్నాడు టంగ్ వెయిట్ తూచాం. బరువు చూసుకునే బాత్రూం స్కేలు నేరుగా పెడితే పగిలిపోతుంది. అందుకని ఒక మందపాటి చెక్కకి ఒక చివర ఇటుక, ఇంకో చివర స్కేలు పెట్టి, ట్రైలర్ ముక్కుని ఇటుకకి ఒక అడుగు, స్కేలుకి రెండు అడుగుల దూరంలో ఆనించాలి. స్కేలు చూపించిన అంకెని మూడుతో గుణిస్తే అసలు బరువు. చెక్క, ఇటుక బరువు స్కేలు మీద పడేది ముందే తీసేసుకోవాలి. స్కేలు 31 చూపించింది, అంటే 93 కిలోలు. ట్రైలర్ మొత్తం 1,240 ఉంటుందని మా లెక్క. ఏడున్నర శాతం. కనీసం పది ఉండాలి.

కారణం వెతికితే పెద్దదేమీ కాదు. తలుపు వెనకవైపు దగ్గరగా ఉంది కాబట్టి డబ్బాలన్నీ వెనకే సర్దేశాం. నీళ్ళ డబ్బాలు కూడా అక్కడే. నాన్న చెప్తుంటే నేనూ అబ్బాయీ అవన్నీ ఇరుసుకి ముందుకి జరిపాం. మళ్ళీ తూచాం, 43. ఇంకో రెండు డబ్బాలు జరిపాం, 50. అంటే 150 కిలోలు, పన్నెండు శాతం. మా పరిమితి 159. అక్కడ ఆపేశాం. డిక్కీలో పెట్టాల్సిన సామాను కూడా 45 నుంచి 20 కిలోలకి తగ్గించాం. అప్పుడు బండి మోసేది 497 అయింది, స్టిక్కర్ 526.

మార్చి 22న అయిదుగురం ఎక్కి కాటాకి వెళ్ళాం. లారీలు తూచే చోటే. మొత్తం కలిపి 3,600. అందులో ట్రైలర్ చక్రాల మీద 1,090, బండి మీద 2,510. బండి ముందు చక్రాల మీద 1,130, వెనక చక్రాల మీద 1,380. వెనక ఇరుసుకి పరిమితి 1,430 అని డోర్ దగ్గరే రాసి ఉంది. హిచ్ ఇరుసుకి వెనక ఉంటుంది కదా, అక్కడ 150 పెడితే వెనక ఇరుసు మీద 200 పైన పడుతుంది, ముందు చక్రాలు ఆ మేరకి తేలికవుతాయి. అందుకే మొత్తం ఒక్కటే తూచుకుంటే చాలదు. కాటా మనిషి విసుక్కోకుండా మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరిపి తూచి మూడు చీటీలు ఇచ్చాడు.

ప్రయాణం ముందు రోజు టైర్లకి చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాం. ట్రైలర్‌ని బండికి కలిపే గొలుసులు రెండూ ముక్కు కింద అడ్డంగా ఇంటూ ఆకారంలో తగిలించాలి, ఒకవేళ కప్లర్ ఊడితే ముక్కు నేలకి తగలకుండా వాటి మీద పడుతుంది. మార్చి 29 పొద్దున్నే బయల్దేరాం. నేను ఎనభై దాటలేదు. మొదటి లారీ దాటుతున్నప్పుడు నా భార్య డోర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. ట్రైలర్ చిన్నగా ఒకసారి కదిలి ఊరుకుంది. నాన్న వెనక సీట్లోంచి "ఇప్పుడు కాడి బాగా ఆనింది" అన్నారు.

ఎనభై కిలోమీటర్ల దగ్గర ఆగి ట్రైలర్ చక్రాల నట్లు మళ్ళీ బిగించాను. హబ్‌ల మీద, అంటే చక్రాల నడిమి భాగాల మీద, చెయ్యి పెట్టి చూశాను, అన్నీ గోరువెచ్చగా ఒకేలా ఉన్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపి, నెమ్మదిగా ఎక్కించాను. దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోకుండా గేరు తగ్గించాను. ట్యాంక్ నింపితే మామూలుగా వెళ్ళే దూరంలో సగం కంటే కొంచెం ఎక్కువే వచ్చింది, దానికి ముందే సిద్ధపడండి.

తిరిగొచ్చాక బండి కిందికి దూరి హిచ్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో చూశాను. అయిదు వెంటనే టక్ అన్నాయి. ఆరోది, ఆ నట్ లేని చోట తీగతో లాగింది, పావు చుట్టు తిరిగాక టక్ అంది. వచ్చే ప్రయాణానికి ముందు దాన్ని ఇంకోసారి చూడాలని కాటా చీటీ వెనక రాసి, డోర్ స్టిక్కర్ పక్కనే అతికించాను.